పురుగు కాని పురుగు

ఇంటి వాసానికి చెదలు పట్టినాయంటే ఇల్లాలికి నిద్ర పట్టదు. పైకి వాసం బాగానే కనిపిస్తుంది. వేలితో కొడితే లోపల డొల్ల. ఏ గాలివానకు నెత్తిన పడుతుందో అని భయం. గోరంట్ల చుట్టుపక్కల పల్లెల్లో ఈ బాధ తెలియని వాళ్లు లేరు.

సముద్రం నీళ్లలో చెదలు బతకవు. కానీ అక్కడ కూడా కొయ్యను ఇట్లాగే డొల్ల చేసే జీవి ఒకటి ఉంది. చూసేదానికి ఎర్ర మాదిరి ఉంటుంది. ఎర్ర అంటే వానపాము. తెల్లగా, మెత్తగా, పొడుగ్గా ఉంటుంది. కొయ్య పడవల్ని, ఓడల్ని తొలిచేస్తుంది కాబట్టి దానికి ఓడపురుగు అని పేరు.

పేరులో పురుగు ఉంది. ఆకారమూ పురుగుదే. కానీ అది పురుగు కాదు. చెరువులో దొరికే నత్తకు, సముద్రంలో దొరికే ఆలిచిప్పకు అది సొంత చుట్టం.

నత్తకూ, వానపాము లాంటి దానికీ చుట్టరికం ఏమిటని నవ్వు రావచ్చు. బాగా చదువుకున్న వాళ్లు కూడా దీన్ని చాలా కాలం నమ్మలేదు. నిజం ఎట్లా బయటపడిందో చూద్దాం.

నత్త వంశం

గోరంట్ల నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. నత్తను చూసేదానికి అంత దూరం పోనక్కర లేదు. వానలు పడిన ఏడు చిత్రావతి గుంటల్లో, చెరువు కింద వరి మళ్లలో నత్తలు కనిపిస్తాయి. ఒక నత్తను జాగ్రత్తగా చూడండి. ఒళ్లంతా మెత్తన. ఎముక లేదు. వీపు మీద గట్టి గుల్ల. భయం వేస్తే గుల్లలోకి ముడుచుకుంటుంది.

ఆ గుల్ల యాడనుంచి వచ్చింది? ఎవరూ తెచ్చి పెట్టలేదు. నత్త ఒంటి మీద పల్చని పొర ఒకటి ఉంటుంది. ఆ పొరలోంచే సున్నం ఊరి, గట్టిపడి, గుల్ల అవుతుంది. ఆకువక్కలో వేసుకునే గుల్ల సున్నం ఇట్లాంటి గుల్లల్ని కాల్చి చేసిందే. కావాలంటే ఒక పని చేయండి. ఖాళీ నత్తగుల్లను కడిగి, పగలగొట్టి, ఆ ముక్క మీద నిమ్మకాయ పిండండి. సన్న బుడగలు వస్తాయి. పులుపు తగిలితే గుల్లలోని సున్నం అట్లా పొంగుతుంది.

మెత్తని ఒళ్లు, సున్నం ఊరే పొర. ఇట్లాంటి జీవులన్నిటినీ కలిపి శాస్త్రవేత్తలు 'మొలస్కా' అన్నారు. నత్త, ఆలిచిప్ప, గవ్వ, శంఖం, ముత్యపు చిప్ప అన్నీ ఈ వంశమే. ఎనిమిది చేతుల ఆక్టోపస్ కూడా ఈ ఇంటిదే. దానికి మాత్రం వీపున గుల్ల ఉండదు. అంటే గుల్ల పోగొట్టుకున్న వాళ్లు కూడా ఈ వంశంలో ఉన్నారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ముందు పనికొస్తుంది.

కన్నం చిన్నది, సొరంగం పెద్దది

ఓడపురుగు పిల్లగా ఉన్నప్పుడు కంటికి ఆనదు. నీళ్లలో తేలుతూ పోతుంది. అప్పుడు దానికి రెండు బుల్లి చిప్పలు ఉంటాయి. దాన్ని చూసి ఆలిచిప్ప పిల్ల అనుకున్నా తప్పు లేదు. ఎక్కడైనా కొయ్య తగిలితే అంటుకుంటుంది. గుండుసూది తలకాయంత కన్నం చేసి లోపలికి దూరుతుంది. ఇంక జన్మలో బయటికి రాదు.

లోపల తొలుస్తూ, తింటూ పెరుగుతుంది. సొరంగం పొడుగవుతుంది. ఒళ్లు బెత్తెడు, జానెడు, ఒక్కోటి మూరెడు దాకా సాగుతుంది. చిప్పలు మాత్రం తల దగ్గర చిన్నగానే ఉండిపోతాయి. వాటికి ఇప్పుడు ఒళ్లు దాచే పని లేదు. అవి వడ్రంగి చేతిలోని ఆకురాయి లాంటివి. వాటి మీద వరసగా పళ్లుంటాయి. అటూ ఇటూ ఆడిస్తూ కొయ్యను అరగదీస్తుంది. సొరంగం గోడలకు సున్నం పూసుకుంటుంది. నత్త వంశం కదా, సున్నానికి కరువు లేదు.

తోక వైపు రెండు సన్న గొట్టాలు ఉంటాయి. వాటిని కన్నంలోంచి బయటికి పెట్టి, ఒకదానితో నీళ్లు పీలుస్తుంది, ఇంకోదానితో వదులుతుంది. అపాయం వస్తే గొట్టాల్ని లోపలికి లాక్కుంటుంది. తోక దగ్గరే రెండు చిన్న బిరడాలు ఉంటాయి. వాటితో కన్నం మూసేస్తుంది. సీసాకు బిరడా బిగించినట్లే. కొయ్యను నీళ్లలోంచి బయటికి తీసినా, అట్లా మూసుకుని కొన్ని వారాలు బతకగలదు.

కొయ్యను అరిగించుకోవడం మాటలు కాదు. ఆవు గడ్డిని అరిగించుకునేది కూడా దాని పొట్టలో ఉన్న సూక్ష్మజీవుల వల్లనే. ఓడపురుగుకూ అట్లాంటి సాయం ఉంది. కాకపోతే దాని సూక్ష్మజీవులు మొప్పల్లో ఉంటాయి. అక్కడ తయారైన రసం పొట్టకు చేరి కొయ్యను కరిగిస్తుంది.

బయట నుంచి చూస్తే కొయ్య మీద సూది పొడిచినట్లు చుక్కలు, అంతే. రంపంతో కోస్తే లోపల తేనెతుట్టె.

విశాఖ రేవులో

విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు బెస్తవాళ్లు తరతరాలుగా తెప్పల మీద వేటకు పోయారు. తెప్ప అంటే నాలుగైదు దుంగలు తాడుతో కలిపి కట్టింది. వేట నుంచి రాగానే తెప్పను ఒడ్డుకు లాగి, ఆరబెడతారు. ఆరితే దుంగ తేలికవుతుంది. ఎప్పటికప్పుడు ఎండే దుంగలో ఓడపురుగు పిల్ల నిలదొక్కుకోవడమూ కష్టం. ఇది వాళ్లు పుస్తకం చూసి నేర్చుకున్న ఉపాయం కాదు.

కానీ రేవులో రాత్రింబగళ్లు నీళ్లలోనే నిలబడే కొయ్య స్తంభాలకు ఈ వీలు లేదు. విశాఖ ఓడరేవు 1933లో మొదలయ్యింది. ఆ రేవులో కొయ్యను తొలిచే జీవులు ఏమేమి ఉన్నాయో 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశీలించారు. పి.ఎన్. గణపతి అక్కడ జంతుశాస్త్రం ఆచార్యులు. ఆయనతో ఆర్. నాగభూషణం పనిచేశారు.

ఇట్లాంటి పనికి పెద్ద యంత్రాలు అక్కర లేదు. చిన్న చిన్న కొయ్య పలకల్ని తాడుకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. కొన్నాళ్లకు పైకి తీస్తారు. చీల్చి, లోపల ఎవరు చేరారో చూస్తారు. ఏ నెలలో ఎన్ని చేరాయి, ఎంత పెరిగాయి అని రాసుకుంటారు. ఓపిక ఉండాలి, అంతే. ఇట్లా చూస్తే ఒకే రేవులో ఒక్క రకం కాదు, చాలా రకాల ఓడపురుగులు ఉన్నాయని తేలింది.

అన్నీ ఓడపురుగులే కదా, ఏ రకమైతే ఏమి అని అక్కలకు అనుమానం రావచ్చు. దీనికి గంగానది పాయలో దొరికిన ఒక జీవి జవాబు చెబుతుంది. ఓడపురుగులు చాలా వరకు ఉప్పు నీళ్లలోనే బతుకుతాయి. అందుకని వెనకటి నావికులు ఓడను నది లోపలికి తోలి, మంచినీళ్లలో కొన్నాళ్లు నిలిపేవాళ్లు. పురుగు చచ్చేది. అయితే 1864లో బెంగాలులో గంగ పాయలో, మంచినీళ్లలోనే బతికే ఓడపురుగుకు పేరు పెట్టారు. నాసిటోరా డన్‌లోపీ దాని పేరు. నావికుల ఉపాయం దీని దగ్గర సాగదు. శెనక్కాయ చేనుకు తెగులు వస్తే ఏ తెగులో తెలియకుండా మందు కొట్టినట్లే ఇదీ.

తరువాతి కాలంలో బెంగుళూరులోని కలప పరిశోధన సంస్థ వాళ్లు విశాఖలో ఒక కేంద్రం నడిపారు. తెప్ప దుంగల్లోకి రాగి కలిపిన మందు ఎక్కించి, ఎన్నాళ్లు నిలుస్తాయో చూశారు. ఇప్పుడు కొయ్య తెప్పలు తగ్గిపోయాయి. ఫైబరు పడవలు వచ్చాయి.

ఓడపురుగు చెడ్డదని మాత్రం అనుకోవద్దు. కాకినాడ పక్కన కోరింగ మడ అడవి లాంటి చోట్ల ఉప్పు నీళ్లలో మానులు పడిపోతుంటాయి. వాటిని తొలిచి, పిండి చేసి, మట్టిలో కలిపే పని ఇట్లాంటి జీవులదే. మనిషి పడవ కట్టక ముందు నుంచీ అవి ఈ పని చేస్తున్నాయి.

హాలెండు గట్లు

హాలెండు దేశంలో చాలా నేల సముద్రం కంటే పల్లంలో ఉంది. అక్కడి జనం పెద్ద పెద్ద గట్లు కట్టుకుని బతుకుతారు. మన చెరువు కట్ట నీళ్లు లోపల ఆపుతుంది. వాళ్ల కట్ట నీళ్లు బయట ఆపుతుంది. వెనకట ఆ గట్లకు ముందు వైపు కొయ్య గుంజలు పాతేవాళ్లు. 1731లో చూస్తే ఆ గుంజలు పుటుక్కున విరిగిపోతున్నాయి. లోపల అంతా ఓడపురుగులు. ఊళ్లకు ఊళ్లే మునిగిపోతాయని జనం హడలిపోయారు. దేవుడికి కోపం వచ్చిందని కొందరు అన్నారు. చివరికి పరాయి దేశాల నుంచి రాళ్లు తెప్పించి గట్లకు పరిచారు. ఎంత ఖర్చయి ఉంటుందో ఊహించుకోండి.

ఆ గోలలోనే సెల్లియస్ అనే పండితుడు పురుగును కోసి, లోపలి భాగాలు చూశాడు. తల దగ్గరి చిప్పలు చూశాడు. మొప్పలు చూశాడు. ఇది పురుగు కాదు, ఆలిచిప్ప జాతి అని 1733లో పుస్తకం రాశాడు.

పాతికేళ్లు గడిచాయి. 1758లో స్వీడన్ దేశంలో కార్ల్ లిన్నేయస్ అనే ఆయన లోకంలోని జంతువులన్నిటికీ పట్టిక రాశాడు. ఇప్పటికీ జంతువుల పేర్లకు ఆ పట్టికే మొదలు. అంత గొప్ప మనిషి కూడా ఓడపురుగును వానపాము, జలగల వరసలో కూర్చోబెట్టాడు. సెల్లియస్ చెప్పింది పక్కన పెట్టి, ఆకారమే చూశాడన్న మాట. తరువాత వేసిన అచ్చులో దాన్ని తీసి గుల్ల జీవుల వరసలోకి మార్చాడు.

ఇంటిపేరు, సొంత పేరు

లిన్నేయస్ పద్ధతిలో ప్రతి జీవికీ రెండు మాటల పేరు ఉంటుంది. మన పేర్ల మాదిరే. ముందు ఇంటిపేరు, వెనక సొంత పేరు. హాలెండు గట్లను తిన్న ఓడపురుగు పేరు టెరిడో నావాలిస్. టెరిడో ఇంటిపేరు. నావాలిస్ దాని సొంత పేరు.

మరి టెరిడో ఇంటిదో, వేరే ఇంటిదో ఎట్లా గుర్తు పట్టాలి? ఒళ్లు చూస్తే అన్నీ ఒకటే. తల చిప్పలూ ఇంచుమించు ఒకటే. గుర్తు తోక దగ్గర ఉంది. ఇందాక చెప్పుకున్న బిరడాలే గుర్తు. టెరిడో బిరడా తెడ్డు మాదిరి ఉంటుంది. బాంకియా అని ఇంకో ఇల్లు ఉంది. దాని బిరడా గింజలు పేర్చిన కంకి మాదిరి ఉంటుంది. కంకిని చూసి ఇది సద్ద, ఇది కొర్ర అని చెప్పే ఆడవాళ్లకు ఇది నేర్పనక్కర లేదు.

కొత్త జీవి దొరికిందని ఊరికే చెబితే చాలదు. ముందు పాత పుస్తకాలన్నీ చూసి, ఇంతకు ముందు ఎవరూ పేరు పెట్టలేదని తేల్చుకోవాలి. బొమ్మలు గీసి, కొలతలు రాసి, ఏ చోట, ఎంత లోతున దొరికిందో రాసి అచ్చు వేయించాలి. ఆ జీవిని సారాయి లాంటి ద్రవంలో వేసి, చీటీ కట్టి, మ్యూజియంలో దాచాలి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే ఆ సీసా తీసి చూసుకోవచ్చు.

అయినా తికమకలు వస్తాయి. ఒక దేశం వాళ్లు ఒక పేరు పెడతారు. ఇంకో దేశం వాళ్లు అదే జీవికి ఇంకో పేరు పెడతారు. పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు, రేషన్ కార్డులో మరో పేరు ఉంటే ఆడమనిషి ఎన్ని తిప్పలు పడుతుందో తెలిసిందే కదా. ఓడపురుగులకూ అట్లాగే అయింది. ఈ చిక్కు విప్పింది ఒక ఆడమనిషే. ఆమె పేరు రూత్ టర్నర్. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో పనిచేసింది. ఎక్కడెక్కడి మ్యూజియాల్లోని ఓడపురుగుల బిరడాల్ని పోల్చి చూసింది. 1966లో పెద్ద బొమ్మల పుస్తకం వేసింది. చాలా పేర్లు ఒకే జీవికి రెండోసారి, మూడోసారి పెట్టినవని తేల్చింది.

రూత్ టర్నర్ అంతటితో ఆగలేదు. నడి సముద్రం అడుగున కొయ్య ఉండదు కదా, అక్కడ కొయ్య తినేవి ఉంటాయా అని ఆమెకు అనుమానం. 1830 మీటర్ల లోతున కొయ్య పలకలు పెట్టించింది. అంటే దాదాపు రెండు కిలోమీటర్ల కింద. 104 రోజుల తరువాత తీసి చూస్తే, ఓడపురుగుకు దగ్గరి చుట్టాలు వాటిని తొలిచేశాయి. ఎప్పుడో ఒక మాను కొట్టుకొచ్చి మునుగుతుందని అవి ఆ చీకట్లో కాచుకుని ఉన్నాయి. ఆల్విన్ అనే మునిగే పడవలో సముద్రం లోతుకు దిగిన మొదటి మహిళా శాస్త్రవేత్త కూడా ఆమే. అది 1971.

గుల్లే లేని చుట్టాలు

ఆ లోతు నీళ్లలో ఇంకా విచిత్రమైన చుట్టాలు ఉన్నాయి. వీటికి తల దగ్గర కూడా చిప్ప లేదు. ఒక్క గుల్ల ముక్క కూడా లేదు. చూస్తే చిన్న పురుగు. చాలా వాటి పొడుగు బియ్యపు గింజంత, వేలి కణుపంత. కొన్ని మాత్రం జానెడు దాటుతాయి.

1844లో స్వీడన్‌లో స్వెన్ లొవేన్ అనే ఆయన ఇట్లాంటి జీవి ఒకదానికి కీటోడెర్మా అని పేరు పెట్టాడు. ఆ మాటకు వెంట్రుకల తోలు అని అర్థం. అప్పుడు దాన్ని చూసి నత్త వంశం అని ఎవరూ అనుకోలేదు.

తరువాత సూక్ష్మదర్శిని కింద బాగా చూశారు. ఒంటి మీద ఉన్నవి వెంట్రుకలు కావు, సున్నపు ముళ్లు. నత్త గుల్ల ఏ పొరలోంచి ఊరుతుందో, ఈ ముళ్లూ అట్లాంటి పొరలోంచే ఊరుతున్నాయి. నత్త నాలుక మీద సన్నని పళ్ల పట్టీ ఉంటుంది. దానితోనే అది ఆకును గీకి తింటుంది. వీటిలో చాలా వాటి నోట్లోనూ ఆ పళ్ల పట్టీ ఉంది. గుల్ల లేకపోయినా గుట్టు బయటపడింది. ఇవి నత్త వంశమే. వీటిని 'అప్లాకోఫొరా' అంటారు. పలక మోయనివి అని అర్థం.

ఈ పనిలో ఉన్న కష్టం చాలామందికి తెలియదు. ఓడ నుంచి కిలోమీటర్ల పొడుగు తాడు దింపి, అడుగు మట్టిని పైకి తెస్తారు. తాడు దిగి, ఎక్కేసరికి గంటలు గంటలు పడుతుంది. ఆ బురదను జల్లెడ పడతారు. పిండి జల్లించినట్లు కాదు, నీళ్లతో నెమ్మదిగా కడగాలి. గట్టిగా కడిగితే ముళ్లు రాలిపోతాయి. ముళ్లు రాలితే రకం తెలియదు. ముళ్ల ఆకారం గీయాలి. తరువాత ఆ బుల్లి ఒంటిని వెంట్రుక కంటే పల్చని పొరలుగా కోసి, ఒక్కో పొరను అద్దం బిళ్ల మీద పెట్టి, లోపలి భాగాలు చూడాలి. ఒక జీవికి వందల పొరలు. ఒక పేరు పెట్టడానికి నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు ఇంకో సాధనం వచ్చింది. ప్రతి జీవి కణాల్లోనూ తల్లిదండ్రుల నుంచి వచ్చిన గుర్తులు ఉంటాయి. వాటిని జన్యువులు అంటారు. 2011లో ఆ గుర్తులు పోల్చి చూశారు. ఈ గుల్ల లేని వాటికి అందరికంటే దగ్గరి చుట్టం కైటాన్ అని తేలింది. కైటాన్ సముద్రపు రాళ్లకు అతుక్కుని బతుకుతుంది. దాని వీపు మీద ఎనిమిది పలకలు ఉంటాయి. పలకలు లేని దానికి ఎనిమిది పలకలది దగ్గరి చుట్టం కావడం చూడండి!

అప్లాకోఫొరాలో ఇప్పటికి నాలుగు వందలకు పైగా రకాలకు పేర్లు ఉన్నాయి. లోతు సముద్రంలో కొత్తగా మట్టి తీసిన చోటల్లా పేరు లేనివే ఎక్కువ దొరుకుతున్నాయి.

అడుగున ఉన్న సొమ్ము

ఇంత తంటాలు ఎందుకంటే, ఆ అడుగు మట్టి మీద ఇప్పుడు ప్రభుత్వాల చూపు పడింది. హిందూ మహాసముద్రం నడుమ, అయిదు కిలోమీటర్ల లోతున, ఉర్లగడ్డల మాదిరి నల్లని ముద్దలు పరుచుకుని ఉన్నాయి. వాటిలో మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు ఉన్నాయి. బ్యాటరీలకు, కరెంటు తీగలకు ఇవి కావాలి. అక్కడ 75,000 చదరపు కిలోమీటర్ల మేర ఈ ముద్దల్ని పరిశోధించడానికి 2002లో భారతదేశానికి ఒప్పందం కుదిరింది. 2021లో కేంద్ర ప్రభుత్వం లోతు సముద్ర పథకానికి ఒప్పుకుంది. ముగ్గురు మనుషులు 6,000 మీటర్ల లోతుకు దిగేటట్లు మత్స్య 6000 అనే వాహనాన్ని చెన్నైలోని సంస్థ తయారు చేయసాగింది.

ముద్దల్ని ఏరాలంటే అడుగు మట్టిని దున్నాలి. దున్నితే అక్కడి జీవులు ఏమవుతాయి? 1997లో మన శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఈ పని నడిపింది. ఆ లోతులో కొంత మేర మట్టిని కావాలనే కలియబెట్టారు. ముందు ఎన్ని జీవులు ఉన్నాయో లెక్క ఉంది. తరువాత మళ్లీ లెక్క పెట్టారు. తగ్గిపోయాయి. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పోయి మట్టి తీసి చూస్తూ వచ్చారు. కొన్ని మెల్లగా తిరిగి వచ్చాయి.

తిరిగి వచ్చినవి ముందు ఉన్న రకాలేనా, లేక బయటి నుంచి చేరిన వేరే రకాలా? ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఇది తెలియదు. పురుగు మాదిరి ఉన్నవన్నీ పురుగులే అని ఒక్క గీత కింద రాసుకుంటే అసలే తెలియదు. దానికి ముళ్లు గీయాలి, పొరలు కోయాలి, సీసాకు చీటీ కట్టి దాచాలి. నల్లని ముద్దలు మాత్రం తొందరగా తిరిగి రావు. ఒక్కో ముద్ద కొన్ని మిల్లీమీటర్ల మందం పెరగడానికి పది లక్షల ఏళ్లు పడుతుంది. వాటినే అంటుకుని బతికే జీవులు కూడా ఆ అడుగున ఉన్నాయి.